రేపటి వరదకు నిన్నటి క్రియ

సుద్దేటి మీద పాత వంతెనకు మూడో స్తంభం మీద తెల్లరంగు పూసి, ఎర్రరంగుతో మీటర్ల అంకెలు వేసి ఉంటాయి. నీళ్ళు ఏ అంకె దగ్గరున్నాయో చూసి జిల్లా వరద హెచ్చరికల కార్యాలయానికి చెప్పడం గెడ్డం నూకరాజు ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. గుర్తింపు కార్డులో ‘గేజ్ రీడర్’ అని ఉంటుంది. దిగువపాడులో మాత్రం అందరూ ‘నీళ్ళ నూకరాజు’ అంటారు. ఆ ఊరు వంతెనకు కిందివైపు, ఏటి ఒడ్డునే, పళ్ళెం అడుగులా పల్లంగా ఉంటుంది. నూకరాజు ఇల్లు ఆ పళ్ళెంలో సరిగ్గా అన్నం వడ్డించే చోట ఉంది.

పై ఆఫీసుకు పంపే సమాచారం ఇంగ్లీషులో ఉండాలన్నది నియమం. నూకరాజు పదో తరగతి రెండోసారికి గట్టెక్కినవాడు. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలనూ జాగ్రత్తగా వాడుకునేవాడు. పోయిన ఏడు ఆగస్టులో ఏరు పొంగినప్పుడు అతను పంపిన మెసేజి ఇది: “వాటర్ వాజ్ త్రీ మీటర్స్. ఈజ్ ఫోర్ మీటర్స్. విల్ కమ్ ఇన్‌టు విలేజ్.”

ఆ మెసేజి అందిన గంటలో పడవలొచ్చాయి. జనం క్షేమంగా మెరక మీదికి చేరారు. కనుక దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

నెల తర్వాత రాజధాని నుంచి వీడియోలో సమీక్షా సమావేశం జరిగింది. అన్ని జిల్లాల అధికారులూ చిన్నచిన్న గడుల్లో కూర్చున్నారు. మధ్యలో పెద్ద తెర మీద నూకరాజు మెసేజి వేశారు. రాజధాని అధికారి అది చదివి కళ్ళజోడు తీశారు. తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

“మూడు ముక్కల్లో మూడు టెన్సులా? ఏమండీ, మీ జిల్లాలో కాలం మీద అదుపు లేదా?”

ఒక గడిలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు పక్క గడిలోకి పాకింది. కాసేపటికి తెరంతా నవ్వులే. మన జిల్లా పెద్ద ఇంజనీరుగారి ముఖం కూడా ఒక గడిలో ఉంది. దాన్ని అక్కడి నుంచి ఎలా తీయాలో ఆయనకు తెలియలేదు.

మూడో రోజున ఉత్తర్వు వెలువడింది.

“ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఈ శాఖయందలి ఆంగ్ల రచనలన్నింటియందును ఒక పత్రమునకు ఒకే కాలము వాడవలెను. నివేదిక యనగా జరిగినదానిని తెలుపునది గనుక, నివేదికలన్నియు భూతకాలమునందే యుండవలెను. ఒప్పందములు భవిష్యత్కాలమునందును, ప్రశంసాపత్రములు వర్తమానమునందును ఉండవలెను. కాలములను కలిపినవారిపై చర్య తీసుకొనబడును.”

ఉత్తర్వు అమలు చేయడానికి ‘కాల సమన్వయ విభాగం’ ఏర్పాటయింది. దాని ప్రత్యేకాధికారిగా అవధానుల పేరిశాస్త్రిగారు డెప్యుటేషన్ మీద వచ్చారు. పాలిటెక్నిక్ కాలేజీలో ఇరవై ఆరేళ్ళు ఇంగ్లీషు చెప్పిన మనిషి. మాట మెత్తన, మనసు మంచిది. వాక్యం మధ్యలో టెన్స్ మారితే మాత్రం పంటి కింద రాయి పడ్డట్టు ముఖం పెట్టేవారు. ఆయనకు గది కావాలి గనుక వరదల్లో వాడే లైఫ్ జాకెట్లను వరండాలోకి మార్చారు. బల్ల మీద మూడు రబ్బరు స్టాంపులు పెట్టారు: భూత, భవిష్యత్, వర్తమాన. ఏ కాగితమైనా వాటిలో ఒక ముద్ర పడితేనే గడప దాటాలి.

మొదట్లో చిన్న చిన్న ఇబ్బందులు వచ్చాయి. జీపు డ్రైవరు జ్వరమొచ్చి, “ఐ యామ్ సఫరింగ్, ఐ విల్ నాట్ కమ్” అని సెలవు చీటీ పంపాడు. రెండు కాలాలున్నాయని అది వెనక్కి వచ్చింది. జ్వరం తగ్గాక, “ఐ సఫర్డ్, ఐ డిడ్ నాట్ కమ్” అని రాసిచ్చాడు. భాష నిర్దోషంగా ఉందని పేరిశాస్త్రిగారు మెచ్చుకుని ముద్ర వేశారు. చెప్పకుండా పనికి రాలేదని స్వయంగా ఒప్పుకున్నందుకు పెద్ద ఇంజనీరుగారు మెమో ఇచ్చారు.

దిగువపాడు కరకట్ట కాంట్రాక్టరు మాత్రం ఈ సంస్కరణకు చాలా సంతోషించాడు. కట్ట ఎప్పుడు బాగుచేస్తావని ఎవరడిగినా ఒప్పందం తీసి చూపించేవాడు. “అక్కడ ‘విల్’ అనే ఉందండి. ఎన్నిసార్లు చదివినా ‘విల్’ అనే ఉంటుంది. నేను కాగితం దాటి పోయే మనిషిని కాను.” పేరిశాస్త్రిగారు ఒప్పందాన్ని మొదటి నుంచి చివరి దాకా పరిశీలించి, ఎక్కడా కాలం తప్పలేదని తేల్చారు. కాంట్రాక్టరుకు ప్రశంసాపత్రం ఇచ్చారు, వర్తమానంలో.

జూన్‌లో గేజ్ రీడర్లందరికీ శిక్షణ పెట్టారు. ఎవరి వల్ల ఇదంతా మొదలయిందో అందరికీ తెలుసు గనుక నూకరాజును ముందు వరసలో కూర్చోబెట్టారు. అతను రెండు గంటలు తలవంచుకుని విన్నాడు. చివర్లో చెయ్యెత్తాడు.

“చిన్న డౌటండి. రేపొచ్చే నీరుని నిన్నొచ్చేసిందని ఎలాగ రాత్తామండి?”

“రాయకూడదు నాయనా,” అన్నారు పేరిశాస్త్రిగారు. “జరగనిది నివేదిక కాదు, వదంతి. ప్రభుత్వం వదంతుల్ని ప్రోత్సహించదు.”

“మరి మన ఆఫీసు పేరు హెచ్చరికల ఆఫీసు కదండి?”

పేరిశాస్త్రిగారు ఆలోచించారు.

“పేరులో క్రియ లేదు. కనుక ఉత్తర్వు దానికి వర్తించదు,” అన్నారు.

సెప్టెంబరులో ఒక గురువారం ఉదయం సుద్దేరు ఎర్రబడింది. ఎగువన మన్యంలో రాత్రంతా కురిసిందని పై గేజ్ దగ్గర మనిషి ఫోన్ చేశాడు. నూకరాజు వంతెన మీదికి వెళ్ళేసరికి మూడు మీటర్లు. గంటకు మూడున్నర. నీటి మీద కొబ్బరి మట్టలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఎవరిదో గడ్డివాము పైభాగం కొట్టుకొస్తున్నాయి. పైన అంత నీరుంటే కిందికి దిగడానికి ఎంతసేపు పడుతుందో అతనికి లెక్క అక్కర్లేదు. సాయంత్రం నాలుగు ప్రాంతంలో ఊళ్ళో ఉంటుంది.

“వాటర్ ఈజ్ రైజింగ్” అని మెసేజి పెట్టాడు.

పది నిమిషాల్లో ఫోన్ మోగింది. ఆఫీసులో వచ్చిన కాగితాలు తీసుకునే జూనియర్ అసిస్టెంటు హైమావతి. మెసేజి ప్రింటు తీసి, నంబరు వేసి, పేరిశాస్త్రిగారి గదికి పంపడం ఆమె పని.

“నూకరాజుగారూ, మీది వెనక్కొచ్చేసిందండి. ‘ఈజ్’ ఉందంట.”

“నీరుందమ్మా. అందుకే ఈజ్ ఉంది.”

“నాకు తెలుసండి. కానీ ముద్ర పడలేదు.”

అతను పళ్ళు బిగబట్టి “వాటర్ రోజ్” అని మార్చి పంపాడు. ఈసారి పావుగంట దాటినా పలుకు లేదు. తనే ఫోన్ చేశాడు.

“బళ్ళు బయల్దేరాయా అమ్మా?”

హైమావతి గొంతు తగ్గించింది. “ముద్ర పడిందండి. ఫైలు కూడా మూసేశారు. ‘పెరిగెను’ అని రాశారు కదా, పెరగడం అయిపోయిందన్నమాట. ‘ప్రస్తుతం చర్య అవసరం లేదు’ అని రాశారండి.”

“పెద్దాయనకి ఇవ్వమ్మా ఫోను.”

పేరిశాస్త్రిగారి గొంతు ఆప్యాయంగా వినిపించింది. “నూకరాజూ, నీ భాష చాలా బాగుపడిందయ్యా. అభినందనలు.”

“అయ్యా, నీరు ఇంకా పెరిగిపోతాందండి. నాలుగు మీటర్లు దాటేసింది.”

“ఫోనులో ఏ కాలమైనా వాడుకో. అభ్యంతరం లేదు.”

“అయితే ఫోనులోనే చెప్తన్నానండి, బళ్ళు పంపించండి.”

“కాగితం లేకుండా బళ్ళెలా వస్తాయి?”

“కాగితం మీద ఏం రాత్తే వత్తాయండి?”

“జరిగింది రాయి. నీళ్ళు ఊళ్ళోకి వచ్చాయా?”

“ఇంకా లేదండి. నాలుగింటికి వచ్చేత్తాయి.”

“వచ్చాక రాయి,” అన్నారు పేరిశాస్త్రిగారు, ఎంతో ఓర్పుగా.

నూకరాజు ఫోను చేతిలో పట్టుకుని వంతెన పిట్టగోడకు ఆనుకున్నాడు. కింద ఊళ్ళో మూడు వందల పైచిలుకు జనం. ఉన్న ట్రాక్టర్లు రెండు, అందులో ఒకటి మరమ్మతుకు పోయింది. హైస్కూలున్న మెరక నాలుగు కిలోమీటర్లు. పిల్లలతో, ముసలివాళ్ళతో ఆ వానలో నడిచి వెళ్ళలేరు. సరిగ్గా అప్పుడే అతని భార్య దేవుడమ్మ గొడుగేసుకుని టిఫిన్ డబ్బా పట్టుకొచ్చింది. అతను సంగతంతా చెప్పాడు.

“వచ్చాక రాయమన్నారా? అప్పటికి రాయడానికి నువ్వుంటావా?” అందామె.

“ఆళ్ళ రూలు అది. జరిగిపోయిందే రాయాలంట.”

దేవుడమ్మ ఏటికేసి చూసింది. మూత తీసి డబ్బా అతని చేతిలో పెట్టింది.

“ఆళ్ళకి జరిగిపోయిందే కావాలంటే జరిగిపోయిందనే రాసెయ్. ఎలాగూ జరుగుద్ది కదా.”

నూకరాజు ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. డబ్బా ఆమెకే తిరిగిచ్చి ఫోను తీశాడు. శిక్షణలో ఇచ్చిన కాగితం జేబులోంచి తీసి, ఒక్కొక్క క్రియా సరిచూసుకుంటూ రాశాడు.

“ఆల్ పీపుల్ వర్ షిఫ్టెడ్ టు హైస్కూల్ ఇన్ లారీస్ బై 2 పీఎం. వాటర్ ఎంటర్డ్ దిగువపాడు ఎట్ 4 పీఎం. నో లైఫ్ వాజ్ లాస్ట్. ఆఫీసర్స్ వర్క్‌డ్ వెరీ హార్డ్.”

చివరి వాక్యం అవసరం లేదు. అలాంటి వాక్యం ఉన్న కాగితం ఎక్కడా ఆగదని పద్దెనిమిదేళ్ళ సర్వీసులో గమనించాడు, అందుకే పెట్టాడు. పంపేసరికి పదకొండుకు పది నిమిషాలు తక్కువ.

పేరిశాస్త్రిగారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. నాలుగు వాక్యాలు, నాలుగూ భూతకాలం, ఒక్క పొరపాటు లేదు. ఇంగ్లీషు చెప్పిన ఇరవై ఆరేళ్ళలో ఏ విద్యార్థీ ఆయనకు ఇంత ఆనందం ఇవ్వలేదు. ముద్ర స్వహస్తాలతో వేశారు. పెద్ద ఇంజనీరుగారు చివరి వాక్యం దగ్గర ఆగి, చిరునవ్వు నవ్వి, సంతకం చేశారు. పదకొండూ పదికి నివేదిక రాజధాని చేరింది. పదకొండున్నరకు రాజధాని అధికారి స్వయంగా ఫోన్ చేశారు.

“ఎక్సలెంట్! భాషా బాగుంది, పనీ బాగుంది. మంత్రిగారికి కూడా చెప్పాను.”

“అంతా మీ ఆశీర్వాదం సార్,” అని పెద్ద ఇంజనీరుగారు లేచి నిలబడి ఫోను పెట్టేశారు. తర్వాత మెల్లిగా హైమావతి వైపు తిరిగారు.

“ఏమ్మా, మనం ఏం చేశాం?”

హైమావతి గోడ గడియారం చూసింది. “రెండింటికల్లా జనాన్ని లారీల్లో హైస్కూలుకి తరలించామండి.”

“ఎప్పుడు?”

“ఇంకో రెండున్నర గంటల్లో సార్.”

ఆ తర్వాత ఆఫీసులో జరిగింది చూసినవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. నీటి కోసం కదలని లారీలు క్రియాపదం కోసం కదిలాయి. పద్నాలుగు లారీలు, రెండు కాలేజీ బస్సులు, ముందు డ్రైవరు జీపు. మండలాఫీసు సిబ్బంది, పోలీసులు, వంటవాళ్ళు గుండిగలతో సహా దిగారు. పేరిశాస్త్రిగారు నివేదిక ప్రతి చేతపట్టుకుని వీధి వీధి తిరిగారు. ఒక ముసలాయన అరుగు దిగనని మొండికేస్తే చేతులు జోడించారు.

“తాతగారూ, మీరు వెళ్ళిపోయారు. రికార్డులో ఉంది. దయచేసి ఎక్కండి.”

“నేనెక్కడికెళ్ళాను? ఇక్కడే ఉన్నాను కదా!”

“అదే అంటున్నాను. మీరిక్కడ ఉండటం తప్పు.”

ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆయన్ను మంచంతో సహా లారీ ఎక్కించారు. ఒంటిగంటా యాభై అయిదుకు ఆఖరి లారీ మెరక ఎక్కింది. మేకల్ని కూడా తీసుకెళ్ళారు. నివేదికలో ‘ఆల్ పీపుల్’ అని మాత్రమే ఉందని ఎవరో అంటే, హైమావతి వినిపించుకోలేదు.

మూడున్నరకు అధికారులందరూ గొడుగులతో కరకట్ట మీద నిలబడ్డారు. నీరు కట్టకు జానెడు కిందిదాకా వచ్చి ఆగింది. నాలుగయింది. నీరు అక్కడే ఉంది.

పెద్ద ఇంజనీరుగారు గడియారం చూసుకున్నారు. “నూకరాజూ, ఏదయ్యా నీ నీరు?”

“వత్తాందండి.”

“వస్తోంది కాదు,” అన్నారు పేరిశాస్త్రిగారు బాధగా. “వచ్చింది.”

నాలుగుంబావు. మంత్రిగారికి చెప్పిన వరద. ఇప్పుడది రాకపోతే ఏం రాయాలి? ఏ కాలంలో రాయాలి? నీరు రాకపోతే నూకరాజుకు ఉద్యోగం పోతుంది. వస్తే ఇల్లు పోతుంది. కట్ట మీంచి చూస్తే తన పెంకుటిల్లు, దడి మీద దేవుడమ్మ తీయడం మరిచిపోయిన ఆకుపచ్చ చీర కనిపిస్తున్నాయి. రావద్దనుకున్నాడు. అంతలోనే, రా, వచ్చెయ్, అని నీటిని బతిమాలుతున్నట్టు తనకే తెలిసి సిగ్గుతో తల దించుకున్నాడు.

నాలుగూ ముప్ఫై అయిదుకు, ఒప్పందంలో ‘విల్’ అని ఉన్నచోటే కట్ట తెగింది. ముందు చిన్న బుగ్గలా వచ్చింది. తర్వాత ఎర్రటి నీరు మనిషెత్తున ఊళ్ళోకి దూకింది.

“హమ్మయ్య!” అన్నారు పెద్ద ఇంజనీరుగారు.

అనేశాక నూకరాజును చూశారు. అతను ఇంటివైపే చూస్తున్నాడు. వంటగది గోడ మొదట వంగి, తర్వాత కూర్చున్నట్టుగా కూలిపోయింది. పెద్ద ఇంజనీరుగారు తన గొడుగు అతని మీదికి జరిపారు. వెనక నుంచి పేరిశాస్త్రిగారు గొంతు సవరించుకున్నారు.

“అందరూ గడియారాలు సరిచేసుకోవాలి. ఇప్పుడు సమయం నాలుగు గంటలు.”

ఫోన్లు మాట వినలేదుగానీ చేతి గడియారాలు విన్నాయి.

హైస్కూల్లో దేవుడమ్మ పిల్లలకు ఉప్మా వడ్డిస్తోంది. మొగుడి ముఖం చూడగానే అర్థమైపోయింది.

“ఏది పోయింది?”

“వంటిల్లు.”

“పడమటి గోడ ఎప్పుడూ చెమ్మే. మనుషులు అందరూ ఉన్నారు కదా,” అని గరిట అతని చేతికిచ్చి, కాసేపు పక్కకెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది.

ఇరవై మూడు ఇళ్ళు దెబ్బతిన్నాయి. ఒక్క మనిషికీ చిన్న గీత కూడా పడలేదు.

పది రోజుల తర్వాత విచారణ జరిగింది. నివేదిక చేరిన సమయం పదకొండు. సంఘటన జరిగిన సమయం నాలుగు. జరగకముందే జరిగిందని రాసిన నూకరాజు మీద ఏ చర్య తీసుకోవాలన్నది ప్రశ్న. అతను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ఏమైనా సరే అనుకుని నిలబడ్డాడు.

హైమావతిని అడిగారు: “పదకొండు గంటలకు ఆ కాగితం అబద్ధమే కదా?”

“నేను నంబరు వేసేదాన్నే సార్. ఆ కాగితం రాకపోతే మాత్రం నాలుగింటికి మూడొందల మంది ఊళ్ళోనే ఉండేవాళ్ళు. అప్పుడొచ్చే నివేదికలో అబద్ధమే ఉండేది కాదండి.”

ఇక పేరిశాస్త్రిగారు లేచారు. తీర్పు ఆయనే చదివారు.

“నివేదికను సమగ్రముగా పరిశీలించగా కాలదోషమేదియు కానరాలేదు. నివేదిక సకాలమునకే అందినది. సంఘటన మాత్రము నివేదికను చేరుకొనుటలో అయిదు గంటల జాప్యము చేసినది. ఇందులకు గేజ్ రీడరు బాధ్యుడు కాడు. ఇకపై సంఘటనలు ఇట్టి జాప్యము చేయకుండునట్లు, ముఖ్యమైన నివేదికలన్నియు ముందుగానే భూతకాలమునందు సమర్పించవలెను.”

చదవడం అయ్యాక ఆయన నూకరాజు భుజం తట్టి, చెవిలో మెల్లిగా, “జూన్‌లో నువ్వడిగిన డౌటుకి జవాబు నాకు అప్పుడు తెలియలేదయ్యా,” అన్నారు.

రాబోయే ఏడాది నివేదికలు రాసే బాధ్యత నూకరాజు మీదే పడింది. మొదటిది ఆ వారమే పంపాడు. దిగువపాడు కరకట్ట జనవరిలో రాతితో కట్టబడెను. చాలా గట్టిగా ఉండెను. ఆఫీసర్లు చాలా కష్టపడిరి. ముద్ర పడింది. జనవరిలో రాయి రాకపోతే రికార్డు తప్పవుతుంది గనుక డిసెంబరు నెలాఖరుకే రాయి దిగింది. కాంట్రాక్టరు ఒప్పందం చూపించబోతే, పెద్ద ఇంజనీరుగారు నివేదిక చూపించారు. సంక్షేమ హాస్టలుకు తలుపులు పెట్టబడెను. ఆరోగ్య కేంద్రానికి నర్సు వచ్చెను. నర్సు నిజంగానే వచ్చింది, కొంచెం ఆయాసపడుతూ.

ఈ సంగతి ఊళ్ళో తెలిశాక, సాయంత్రాలు నూకరాజు అరుగు మీద జనం చేరడం మొదలైంది. ఒక మంగళవారం అందరూ వెళ్ళిపోయాక చాకలి పేట లోవమ్మ మిగిలింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

“అన్నయ్యా, మా ఆయన మందు మానేశాడని రాయవా?”

“అది ఏ ఆఫీసుకీ వెళ్ళదు లోవా.”

“ఆఫీసుకెందుకు? ఇంటికే.”

నూకరాజు దేవుడమ్మ వైపు చూశాడు. ఆమె కలం తెచ్చి ఇచ్చింది. అతను శ్రద్ధగా రాశాడు: “సత్తిబాబు స్టాప్డ్ డ్రింకింగ్ ఆన్ మండే.” భూతకాలం గనుక తేదీ ముందురోజుది వేశాడు. కింద గేజ్ పుస్తకం మీద కొట్టే గుండ్రటి ముద్ర కొట్టాడు. లోవమ్మ కాగితం మడిచి, బొడ్లో దోపుకుని వెళ్ళింది.

బుధవారం పొద్దున్నే సత్తిబాబు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో కాగితం, చేతిని మించి వణుకుతోంది.

“ఏటిది నూకరాజూ? ముద్ర కూడా ఏసేవంట. ఇందులో నేనేం చేసేనని రాసేవు?”

“మందు మానేశావని.”

“ఎప్పట్నుంచి?”

“సోమవారం నుంచి.”

సత్తిబాబు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముద్ర మీద వేలితో రుద్దాడు. చెరగలేదు.

“ఇయ్యాల ఏ వారం?”

“బుధవారం.”

అతను వేళ్ళు మడుచుకుంటూ చాలాసేపు లెక్కపెట్టాడు.

“అయితే అప్పుడే రెండ్రోజులైపోయిందా?” అన్నాడు ఆశ్చర్యంగా. మెట్టు మీద కూలబడి, కాగితం జేబులో పెట్టుకుని, “వదినా, కొంచెం టీ ఇత్తావేటి?” అని అడిగాడు.